మల్కిభరాముడు

ఆంధ్రకవులు తమ కావ్యములలో మల్కిభరాముడని కొనియాడిన ప్రభువు గోలకొండ సుల్తానగు ఇబ్రహీము కుతుబుషా. ఈతని మతము మహమ్మదీయము. వంశము పారసీక దేశమునుండి వచ్చిన నల్లగొఱ్ఱె తురుష్కులది. ఆ దేశమును పూర్వమేలిన మంగోలు ఖానుల కులమువారు బౌద్ధ, క్రైస్తవ, మహమ్మదీయ మతాచార్యులను పన్నులనుండి విడిచి, అందుకు బదులుగా తమ క్షేమముకొఱకు ప్రార్థనలు సేయుడని కోరెడివారు. ఎవరి దేవుడు మేలుచేసినను మేలేయని వారి లెక్క. ఇబ్రహీము ఔదార్యము ఇట్టి లెక్కవలన గలిగినది కాదనియు, ఆపత్కాలమున దొరికిన యన్నమువలన గలిగినదనియు మా తలంపు.

1543లో ఈతని తండ్రియగు వృద్ధ సుల్తాను కులీ, తన కొడుకైన జంషీదు పన్నాగముచే హతుడయ్యెను. దేవరకొండలోనున్న ఇబ్రహీము ప్రాణభీతిచే మొదట బీదరునకును, పిమ్మట విజయనగరమునకును పోయి తలదాచుకొనెను. అచట అళియ రామరాజు ఈ పరమతస్థుని శరణాగతునిగా గైకొని యేడేండ్లు పోషించెను. 1550లో జంషీదు మరణింపగా, గోలకొండ కోటలోని తెలుగు నాయకవాడీల తోడ్పాటుతో ఇబ్రహీము సింహాసనమెక్కెను.

అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఈతనికి గృతియిచ్చెను. కందుకూరి రుద్రకవికి చింతలపాలెము అగ్రహారముగా లభించెను. ఈతని కొలువులోని అమీనుఖాను పటాన్‌చెరువున పొన్నికంటి తెలగనార్యునిచే యయాతిచరిత్రమును వ్రాయించి కృతినందెను. అచ్చతెనుగు కావ్యములలో అదియే మొదటిది. మహాభారత కథను సంస్కృతపదము సోకకుండ జెప్పించుకొన్న తొలి కృతిభర్త మహమ్మదీయుడను సంగతిని మన పండితులు తఱచుగా మఱచెదరు.

ఈతనిని మెచ్చువారు పలువురు ఇచ్చటనే యాగుదురు. సాక్షిని సగము విచారించి విడుచుట మా న్యాయవాదవృత్తికి దగదు. 1565 జనవరిలో దక్కను సుల్తానులు కూడి రామరాజుపై దండెత్తినపుడు ఇబ్రహీమును వారిలో నొకడు. అన్నము పెట్టిన చేయి ఆ రణమున నేలగూలెను. దీనిని మతయుద్ధమని కొందఱందురు; రామరాజు సేనలోను మహమ్మదీయ సేనానులుండిరి గనుక ఆ మాట మాకు నమ్మశక్యము గాదు. రాజ్యకాంక్షకు మతము పేరు పెట్టినంత మాత్రమున నేరము తగ్గదు, పెరుగదు. 1571-72 ప్రాంతమున రాజమహేంద్రవరము గోలకొండ వశమయ్యెను. కామవరపుకోటతో గూడిన మా యేలూరు సీమయు ఆ యేలుబడిలో జేరెను.

1579 ప్రాంతమున ఈతని సేన అహోబిల క్షేత్రముపై బడి దోచుకొని, రత్నములు చెక్కిన విగ్రహమును గొనిపోయినట్లు కుతుబుషాహీ చరిత్రకారులే వ్రాసిరి. ఆ సేనను నడపినవాడు ముల్లాయు గాడు, తురుష్కుడును గాడు, మురహరిరావను బ్రాహ్మణుడు. హండె నాయకులును ఆ దాడికి దోడ్పడిరని అహోబిల శాసనము చెప్పుచున్నది. వీరును హిందువులే. సేవకుడు తన దేవుని గుడిని దోచినంతమాత్రమున ఆ సేవకుని బంపిన ప్రభువు నిర్దోషి కాజాలడు. కవికి గ్రామమిచ్చిన చేతిక్రిందనే యీ కార్యమును జరిగెను. మేము రెంటిలో దేనిని కొట్టివేయ జాలము. రాజు మనస్సులోని దయ, వ్రాతపూర్వకమైన శాసనమై అధికారులను గట్టివేయకున్నచో, అది కొలువుకూటపు వాకిలి దాటి పోదు. రామరాజు ఇంట దాను పొందిన రక్షణను తన ప్రజలందఱికి జట్టముగా జేసిన జాడ ఈతని చరిత్రమున మాకు గానరాదు.

1580లో ఇబ్రహీము మరణించెను. ఈతని గోరీ గోలకొండ కోట సమీపముననే యున్నది. అహోబిలము అయిదాఱేండ్లు పరుల చేతిలో నుండి, మఠాధిపతియగు జీయరు మొఱపెట్టుకొనగా, విజయనగర ప్రభువగు శ్రీరంగరాయల యాజ్ఞచే కొండ్రాజు వారు దానిని మరల గైకొనిరి. ఆ వృత్తాంతము చెక్కిన శాసనము నేటికిని ఆ దేవాలయమున నున్నది.