సుభాష్ చంద్రబోస్ - సైనిక జీవితం

సుభాష్ చంద్రబోస్ (జనవరి 23, 1897 - ఆగస్టు 18, 1945) భారత స్వాతంత్ర్య సమరయోధుడు, రెండు పర్యాయములు భారత జాతీయ కాంగ్రెసు అధ్యక్షుడిగా ఎన్నికైన నాయకుడు, ఆజాద్ హింద్ ఫౌజ్ సర్వసేనాధిపతి. నేతాజీ అన్న పేరుతో ఆయన దేశప్రజలందరికీ సుపరిచితుడు. విద్యార్థి దశలో బ్రిటిషు భారత సైన్యంలో చేరడానికి వెళ్ళి, కంటిచూపు తగినంతగా లేదన్న కారణంతో వైద్యపరీక్షలో తిరస్కరింపబడ్డాడు. ఆ తరువాత సుమారు పాతికేళ్ళకు అదే సామ్రాజ్యంపై యుద్ధం ప్రకటించిన సైన్యానికి నాయకుడయ్యాడు. బోసు రాజకీయ జీవితం ప్రసిద్ధమే అయినా, సైనికుడు కావాలన్న ఆయన చిరకాల వాంఛ, దానికి ఎదురైన ఆటంకాలు అంతగా ప్రచారంలో లేవు.

బాల్యం, విద్యాభ్యాసం

బోసు ఒరిస్సాలోని కటక్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జానకీనాథ్ బోస్ పేరుపొందిన న్యాయవాది, తల్లి ప్రభావతీదేవి. పద్నాలుగు మంది సంతానంలో ఆయన తొమ్మిదవవాడు. కటక్‌లోని మిషనరీ పాఠశాలలో, తరువాత రావెన్‌షా కాలేజియేట్ పాఠశాలలో చదివి, 1913లో మెట్రిక్యులేషన్ పరీక్షలో కలకత్తా విశ్వవిద్యాలయం మొత్తానికి రెండవ స్థానంలో ఉత్తీర్ణుడయ్యాడు. అదే సంవత్సరం కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు. వివేకానందుని రచనల ప్రభావంతో 1914లో గురువును వెదుకుతూ ఇంటివారికి చెప్పకుండా ఉత్తరభారత పుణ్యక్షేత్రాలు తిరిగాడు. తిరిగివచ్చాక సన్నిపాత జ్వరంతో మంచం పట్టాడు.

1916 ఫిబ్రవరిలో ప్రెసిడెన్సీ కళాశాల చరిత్ర ఆచార్యుడు ఓటెన్, భారతీయ విద్యార్థులతో దురుసుగా ప్రవర్తించాడన్న కోపంతో కొందరు విద్యార్థులు ఆయనపై చేయిచేసుకొన్నారు. ఈ ఘటనలో బోసును బాధ్యునిగా భావించి కళాశాల నుండి బహిష్కరించారు. చదువు ఆగిపోయి బోసు కటక్‌కు తిరిగివచ్చాడు. అక్కడ కలరా, మశూచి రోగులకు సేవలు చేస్తూ కాలం గడిపాడు. సుమారు ఏడాది తరువాత, మళ్ళీ చదువుకోవడానికి విశ్వవిద్యాలయం అనుమతి కోరుతూ కలకత్తా చేరాడు.

బెంగాలీ రెజిమెంటు

అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్నది. బ్రిటిషు అధికారులు 19వ శతాబ్దం చివరి దశాబ్దాలలో భారతీయులను యుద్ధానికి పనికివచ్చే జాతులు, పనికిరాని జాతులు అని విభజించి సైన్యంలో భర్తీ చేసుకొనేవారు. పంజాబు, నేపాలు, వాయవ్య సరిహద్దు ప్రాంతాలవారికి ఈ పద్ధతిలో ప్రాధాన్యం లభించింది. బెంగాలీలు సైన్యానికి పనికిరారని తేల్చివేశారు. ఈ విభజన వలన నష్టపోయినవారిలో తెలుగువారు కూడా ఉన్నారు. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు పెద్దసంఖ్యలో ఉండేవారు. కాని 19వ శతాబ్దం చివరికి తెలుగువారి భర్తీ దాదాపు నిలిచిపోయింది.

యుద్ధంలో సైనికుల అవసరం పెరగడంతో 1916లో బెంగాలీల కొరకు ప్రత్యేకంగా ఒక దళాన్ని ఏర్పాటు చేశారు. అది 1917లో 49వ బెంగాలీ రెజిమెంటుగా రూపొందింది. తమ జాతిపై పడిన పిరికితనపు నిందను తుడిచివేసే అవకాశంగా అనేకమంది బెంగాలీ యువకులు దీనిని భావించారు. బెంగాలీ కవి కాజీ నజ్రుల్ ఇస్లాం పాఠశాల చదువు మాని 1917లో ఈ రెజిమెంటులోనే చేరి, కరాచీలో పనిచేసి హవల్దారు అయ్యాడు.

వైద్యపరీక్షలో తిరస్కరణ

కళాశాల బహిష్కరణతో భవిష్యత్తు అనిశ్చితంగా ఉన్న బోసు ఈ రెజిమెంటులో చేరడానికి దరఖాస్తు చేశాడు. కలకత్తాలోని భర్తీ కార్యాలయంలో వైద్యులు ఆయనను పరీక్షించారు. తక్కిన పరీక్షలన్నిటిలోను నెగ్గాడు గాని, దూరపుచూపు సరిగా లేకపోవడం వలన కంటిపరీక్షలో మాత్రం నెగ్గలేకపోయాడు. తనను అర్హుడిగా ప్రకటించమని వైద్యాధికారిని ఎంతగానో బ్రతిమాలాడు. విషయం పై అధికారి పరీక్షకు వెళ్ళింది. కంటిచూపు విషయంలో ఆ అధికారి మరింత కఠినంగా ఉండి బోసును అనర్హుడిగా నిర్ణయించాడు. బోసు తీవ్రమైన నిరాశతో ఇంటికి మరలాడు. 1937లో ఆస్ట్రియాలో ఉండగా వ్రాయడం ప్రారంభించి అసంపూర్తిగా విడిచిన స్వీయచరిత్రలో ఆయన ఈ ఘటనను ప్రస్తావించాడు. జరిగి ఇరవై సంవత్సరాలైనా దానిని ఆయన మరువలేదు.

సైన్యానికి ఈ నియమం అకారణమైనది కాదు. దూరంలోని గురిని స్పష్టంగా చూడలేనివాడు తుపాకీ సరిగా పేల్చలేడు. యుద్ధరంగంలో కళ్ళద్దాలు పగిలిపోతే అతడు తనకూ తోటివారికీ కూడా భారమవుతాడు. ఆ నియమం బోసు కంటిని మాత్రమే కొలిచింది. ఆనాడు ఆయనను చేర్చుకొని ఉంటే బ్రిటిషు చక్రవర్తి పక్షాన పోరాడే సిపాయి అయ్యేవాడు. ఆ రెజిమెంటును తరువాత మెసపటేమియాకు (నేటి ఇరాక్) పంపించారు.

విశ్వవిద్యాలయ శిక్షణా దళం

1917లో విశ్వవిద్యాలయం అనుమతి లభించి బోసు స్కాటిష్ చర్చి కళాశాలలో తత్వశాస్త్రం చదవడానికి చేరాడు. అదేకాలంలో ప్రభుత్వం భారత రక్షణ దళంలో భాగంగా కలకత్తా విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఒక శాఖను ఏర్పాటు చేసింది. ఇందులో చేరడానికి కంటిపరీక్ష సైన్యంలో ఉన్నంత కఠినంగా ఉండేది కాదు. అందువలన బోసుకు అవకాశం దొరికింది. సుమారు నాలుగు నెలలు శిబిరంలో ఉండి కవాతు, తుపాకీ కాల్చడం నేర్చుకొన్నాడు. కొన్ని సంవత్సరాల క్రితం గురువు కొరకు తిరిగిన యువకుడు ఖాకీ దుస్తులు ధరించి, స్కాట్లండు సైనికాధికారి శిక్షణలో ఆనందాన్ని పొందాడు. సామాన్య భారతీయులకు ప్రవేశం లేని కలకత్తా కోటలోనికి తుపాకీలు తీసుకోవడానికి దళంతోపాటు నడచివెళ్ళడం ఆయనకు గర్వకారణమైంది. 1919లో బి.ఏ. పరీక్షలో తత్వశాస్త్రంలో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

కేంబ్రిడ్జిలో మరొక నిరాకరణ

1919 సెప్టెంబరులో బోసు ఇంగ్లాండు వెళ్ళి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడి విద్యార్థులకు సైనికాధికారుల శిక్షణా దళం ఉండేది. భారతీయ విద్యార్థులు కూడా అందులో చేరాలని కోరారు గాని అనుమతి రాలేదు. ఈ విషయమై భారత వ్యవహారాల కార్యాలయానికి వెళ్ళిన విద్యార్థి ప్రతినిధులలో బోసు ఒకడు. శిక్షణ పొందిన భారతీయులు రేపు బ్రిటిషు సైన్యంలో అధికారి పదవులు కోరతారన్నదే అసలు అభ్యంతరమని వారికి అర్థమయింది. కలకత్తాలో అడ్డుపడినది దృష్టిలోపం. కేంబ్రిడ్జిలో కంటిపరీక్ష వరకు కూడా పోనీయకుండా జాతి అడ్డుపడింది.

1920లో బోసు ఐ.సి.ఎస్. పరీక్షలో నాలుగవ స్థానం సాధించాడు. విదేశీ ప్రభుత్వానికి సేవ చేయడానికి మనసొప్పక 1921 ఏప్రిల్‌లో రాజీనామా చేసి స్వదేశానికి వచ్చాడు. చిత్తరంజన్ దాస్ అనుచరుడిగా కాంగ్రెసులో ప్రవేశించాడు.

కాంగ్రెసు, కారాగారం, అనారోగ్యం

1928 డిసెంబరులో కలకత్తాలో జరిగిన కాంగ్రెసు మహాసభకు బోసు స్వచ్ఛంద సేవకుల దళాన్ని సైనిక పద్ధతిలో తీర్చిదిద్దాడు. తాను సేనాధిపతి దుస్తులు ధరించి కవాతు నడిపించాడు. అహింసావాదులైన కొందరు నాయకులకు ఇది రుచించలేదు.

ఆయన శరీరం మాత్రం తరచుగా వ్యాధిగ్రస్తమయ్యేది. 1924లో విచారణ లేకుండా నిర్బంధింపబడి, బర్మాలోని మాండలే కారాగారంలో ఉండగా ఆరోగ్యం చెడిపోయింది. క్షయ సోకిందన్న అనుమానంతో 1927 మే నెలలో విడుదల చేశారు. మళ్ళీ నిర్బంధంలో జబ్బుపడి 1933లో చికిత్స కొరకు ఐరోపా వెళ్ళాడు. 1935లో వియన్నాలో పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగింది.

1938లో హరిపుర కాంగ్రెసుకు అధ్యక్షత వహించాడు. 1939 జనవరిలో జరిగిన అధ్యక్ష ఎన్నికలో గాంధీజీ మద్దతు కలిగిన డా. భోగరాజు పట్టాభి సీతారామయ్యపై పోటీచేసి గెలిచాడు. బోసుకు 1580 ఓట్లు, పట్టాభికి 1377 ఓట్లు వచ్చాయి. మచిలీపట్నంలో వైద్యవృత్తి చేసి, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన పట్టాభి తెలుగునాట ప్రముఖ నాయకుడు. ఆ ఏడాది మార్చిలో జరిగిన త్రిపురి మహాసభకు బోసు తీవ్రమైన జ్వరంతో ఉండి, మంచంపై మోయించుకొని రావలసి వచ్చింది. కార్యవర్గ నియామకంపై రాజీ కుదరక ఏప్రిల్‌లో రాజీనామా చేసి, మే నెలలో ఫార్వర్డ్ బ్లాక్ స్థాపించాడు.

దేశం దాటడం

1940 జూలైలో బోసును మళ్ళీ నిర్బంధించారు. నిరాహారదీక్ష వలన ఆరోగ్యం క్షీణించగా డిసెంబరులో విడిచి, ఇంటిచుట్టూ పోలీసుల కాపలా ఉంచారు. 1941 జనవరి 16-17 రాత్రి మారువేషంలో ఇల్లు విడిచాడు. పెషావరు నుండి కాబూలుకు మూగ, చెవిటి పఠానుగా నటిస్తూ ప్రయాణించి, ఏప్రిల్ మొదట్లో బెర్లిన్ చేరాడు. ఉత్తర ఆఫ్రికాలో జర్మనీ, ఇటలీ సేనలకు పట్టుబడిన భారతీయ సైనికులతో అక్కడ ఒక దళాన్ని ఏర్పాటు చేశాడు.

జర్మనీలో ఆయనకు హైదరాబాదు వాసి ఆబిద్ హసన్ తోడయ్యాడు. ఇంజనీరింగు చదవడానికి వెళ్ళిన ఆబిద్ హసన్ చదువు విడిచి బోసుకు కార్యదర్శి అయ్యాడు. 1943 ఫిబ్రవరిలో వీరిద్దరూ జర్మనీ జలాంతర్గామిలో బయలుదేరారు. ఏప్రిల్ చివర మడగాస్కర్ సమీపంలో నడిసముద్రంలో రబ్బరు పడవపై జపాను జలాంతర్గామికి మారి, మే నెలలో సుమత్రా తీరం చేరారు. జై హింద్ అన్న అభివాదాన్ని రూపొందించిన ఖ్యాతి ఆబిద్ హసన్‌కు దక్కింది.

ఆజాద్ హింద్ ఫౌజ్

1942 ఫిబ్రవరిలో సింగపూరు జపాను వశమైనపుడు పట్టుబడిన భారతీయ సైనికులలో కొందరితో కెప్టెన్ మోహన్ సింగ్ ఈ సైన్యాన్ని మొదట ఏర్పాటు చేశాడు. జపాను అధికారులతో విభేదించడం వలన అది ఆ సంవత్సరం చివరికే విచ్ఛిన్నమైంది. 1943 జూలైలో బోసు సింగపూరు వచ్చి రాస్ బిహారీ బోస్ నుండి నాయకత్వం స్వీకరించి దానికి తిరిగి ప్రాణం పోశాడు. ఆగస్టులో సర్వసేనాధిపత్యం వహించాడు. అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించి, కొద్దిరోజులలోనే బ్రిటన్, అమెరికాలపై యుద్ధం ప్రకటించాడు.

యుద్ధజాతులన్న విభజన ఈ సైన్యంలో చెల్లలేదు. పంజాబీ సిపాయిలతోపాటు మలయా రబ్బరు తోటలలోని కూలీలు, చిరుద్యోగులు, వర్తకులు సైనికులయ్యారు. మలయా, బర్మాలకు వలసవెళ్ళిన భారతీయులలో తమిళుల వలెనే తెలుగువారు కూడా గణనీయంగా ఉండేవారు. డా. లక్ష్మీ స్వామినాథన్ నాయకత్వాన స్త్రీలకు ఝాన్సీరాణి దళం ఏర్పడింది. ఆనాటి ఛాయాచిత్రాలలో బోసు ఖాకీ దుస్తులు, టోపీలతో కనిపిస్తాడు. ముఖాన కళ్ళద్దాలు మాత్రం ఎప్పటివలెనే ఉంటాయి.

1944లో జపాను సేనలతోపాటు ఈ సైన్యం ఇంఫాల్ దండయాత్రలో పాల్గొన్నది. ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో పతాకం ఎగురవేశారు. కాని ఆహారం, మందులు, విమానబలం లేక, వర్షాకాలంలో మలేరియా, విరేచనాలు ప్రబలి జూలైలో వెనుదిరగవలసి వచ్చింది. శత్రువు చేతిలో కన్న ఆకలి, రోగాల వలన ఎక్కువమంది నశించారు.

చివరి దినాలు

1945 ఏప్రిల్ చివర బోసు రంగూను విడిచాడు. ఝాన్సీరాణి దళం స్త్రీలను వెంటబెట్టుకొని, దారిలో చాలాదూరం వారితోపాటే కాలినడకన సాగి, సుమారు మూడు వారాలకు బ్యాంకాక్ చేరాడు. జపాను లొంగిపోయిన తరువాత, ఆగస్టు 18న తైవాన్‌లోని తైహోకు (నేటి తైపీ) వద్ద విమానప్రమాదంలో కాలినగాయాలతో మరణించాడని ప్రకటించారు. దీనిని చాలామంది నమ్మలేదు. షానవాజ్ ఖాన్ సంఘం (1956), ఖోస్లా సంఘం (1974) ప్రమాదాన్ని ధ్రువీకరించగా, 2005లో నివేదిక ఇచ్చిన ముఖర్జీ సంఘం విభేదించింది. ప్రభుత్వం ఆ నివేదికను అంగీకరించలేదు.

మూల్యాంకనం

నాజీ జర్మనీ, జపానులతో చేయి కలపడం బోసుపై గల ప్రధాన విమర్శ. యుద్ధరంగ అనుభవం లేని నాయకుడు జపాను బలాన్ని అతిగా అంచనా వేశాడని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. సైనికపరంగా ఆయన ప్రయత్నం విఫలమైంది. అయినా, 1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులపై ప్రారంభమైన విచారణ దేశాన్ని కదిలించింది. శిక్షపడిన ముగ్గురు అధికారులను 1946 జనవరిలో విడిచిపెట్టవలసి వచ్చింది. ఆ మరుసటి నెలలో నావికుల తిరుగుబాటు చెలరేగింది. భారతీయ సిపాయిల విధేయతపై సామ్రాజ్యానికి ఉన్న నమ్మకం సడలిపోయింది. అయితే స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికులను భారత సైన్యంలోనికి తిరిగి తీసుకోలేదు. తమ నాయకుడు యువకుడిగా చవిచూసిన నిరాకరణ వారికీ తప్పలేదు.

స్మారకాలు

2021 నుండి భారత ప్రభుత్వం జనవరి 23ను పరాక్రమ దినంగా జరుపుతున్నది. 2022 సెప్టెంబరు 8న ఢిల్లీలో ఇండియా గేట్ సమీపాన 28 అడుగుల బోసు విగ్రహాన్ని ఆవిష్కరించారు. సైనిక దుస్తులలో వందనం చేస్తున్న ఈ ఏకశిలా విగ్రహానికి వాడిన నల్లరాయిని తెలంగాణలోని ఖమ్మం ప్రాంతం నుండి తరలించారు.