డిగ్రీ లేని ఇంజనీరు – నికొలాస్ ఒట్టో

థర్మోడైనమిక్స్ పేపర్లో ఆటో సైకిల్ పి-వి డయాగ్రం గీయకుండా గట్టెక్కిన మెకానికల్ విద్యార్థి మన కాలేజీలో ఉండడు. ఆ పేరు కాజీపేట స్టేషను ముందు నిలబడే ఆటోలది కాదు, ఒక మనిషిదని తెలిసేసరికి కొందరికి ఏడాది గడిచిపోతుంది. ఆ మనిషే నికొలాస్ ఆగస్ట్ ఒట్టో. వింతేమిటంటే, అతడు ఇంజనీరింగ్ చదవనే లేదు!

ఒట్టో 1832 జూన్ 10న జర్మనీలోని ఒక పల్లెటూళ్లో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. పదహారో ఏట చదువు మానేసి వర్తకంలో చేరాడు. తర్వాత ఊరూరా తిరిగి టీ, పంచదార అమ్మే ఉద్యోగం. 1860లో పారిస్‌లో లెన్వార్ అనే ఆయన గ్యాసు ఇంజన్ తయారుచేశాడన్న వార్త విన్నాక అతడి మనసు సరుకుల మీద నిలవలేదు. మరుసటేడే నాలుగు స్ట్రోకుల నమూనా ఒకటి చేయించాడు. లోపలి పేలుళ్ల ధాటికి అది తట్టుకోలేకపోయింది.

అయినా వదల్లేదు. 1864లో యూజెన్ లాంగెన్ పెట్టుబడితో కొలోన్‌లో కంపెనీ పెట్టాడు. 1867 పారిస్ ప్రదర్శనలో వీళ్ల ఇంజన్, లెన్వార్ ఇంజన్ తాగే గ్యాసులో సగం కూడా తాగకుండా పనిచేసి బంగారు పతకం కొట్టేసింది. 1876లో పాత కల ఫలించింది. గాలినీ గ్యాసునూ కలిపి, ముందు గట్టిగా నొక్కి, ఆ తర్వాత వెలిగించే నాలుగు స్ట్రోకుల ఇంజన్ నిలకడగా తిరిగింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ ఇంజన్ తాగింది పెట్రోలు కాదు, బొగ్గు గ్యాసు. అందులో దాదాపు సగం హైడ్రోజన్, మూడో వంతు దాకా మీథేన్. అంటే 2020లో ఢిల్లీలో 50 బస్సులకు సి.ఎన్.జి.లో 18 శాతం హైడ్రోజన్ కలిపి పోసి చూసిన ఇంధనానికి ఇది తాతలాంటిదన్నమాట! హైడ్రోజన్ మంట వేగంగా పాకుతుంది కాబట్టి గాలి ఎక్కువగా ఉన్న పల్చటి మిశ్రమం కూడా చక్కగా అంటుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది. అయితే 18 శాతం అన్నది ఘనపరిమాణంలో లెక్క. వేడిలో దాని వాటా ఆరు శాతమే. మిశ్రమం పాలు కుదరకపోతే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి కూడా.

ఒట్టోకు 1882లో వూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. కానీ 1886లో కోర్టు అతడి పేటెంటును కొట్టేసింది. బో ద రోషా అనే ఫ్రెంచి ఇంజనీరు ఆ నాలుగు స్ట్రోకుల సూత్రాన్ని 1862లోనే కాగితం మీద పెట్టాడట! ఐదేళ్లకే, 1891 జనవరి 26న, ఒట్టో కన్నుమూశాడు.

మిత్రులారా, సూత్రం ముందు రాసినవాడు వేరు, దాన్ని తిప్పి చూపించినవాడు వేరు. పేటెంటు పోయినా సైకిలుకు ఒట్టో పేరే మిగిలింది. ఏ గ్యాసు ఎంత పాలు కలపాలన్న ప్రశ్న ఇంకా తేలలేదు. మన ల్యాబులో టెస్ట్ రిగ్ దగ్గర నిలబడినప్పుడు రీడింగులు పక్కవాడి రికార్డులోంచి ఎక్కించేముందు, ఆ పంచదార అమ్మిన కుర్రాణ్ణి ఒక్కసారి తలుచుకుందాం.