నర్తనశాల భీముడు

నర్తనశాల సినిమాలో కీచకుణ్ణి పట్టుకొని కుమ్మే భీముడు గుర్తున్నాడా? ఆయన అసలు పేరు దండమూడి రాజగోపాలరావు. వేషం కోసం కండలు పెంచిన మనిషి కాదు, నిజంగానే బరువులెత్తే వీరుడు.

1916లో కృష్ణా జిల్లా గండిగుంటలో పుట్టారు. వెయిట్ లిఫ్టింగ్‌లో జాతీయ ఛాంపియన్ అయ్యారు. 1951లో మొట్టమొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగితే అక్కడ పతకం గెలిచారు. భీముడి వేషం 1963లో. జనం ఆయన్ని ఇండియన్ టార్జాన్ అనేవాళ్ళు. 1981లో చనిపోయారు. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

ఆయన కాలంలో పోటీకి మూడు రకాలు ఉండేవి. ప్రెస్ అంటే భుజాల మీది బరువును చేతుల బలంతో పైకి నెట్టడం. 1972 ఒలింపిక్స్ తర్వాత దాన్ని తీసేశారు. మిగిలినవి రెండు. స్నాచ్‌లో నేల మీది బరువు ఒక్క ఊపులో తల పైకి పోవాలె. క్లీన్ అండ్ జెర్క్‌లో ముందు భుజాల మీదికి, తర్వాత తల పైకి. చూసేవాళ్ళకు చేతులే గుంజుతున్నట్టు కనబడతది. కాని ఆ ఊపు తుంటిలోంచి వస్తది. వంగిన తుంటి ఒక్కసారిగా నిటారైతే బరువు పైకి లేస్తది. మనం ఎగిరి దూకేటప్పుడు చేసేది కూడా అదే.

ఇది తెలియక నేను తప్పు చేసిన. మా తమ్ముణ్ణి హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ సెలక్షన్‌కు తయారు చేస్తున్న. మన అల్వాల్ నుంచి దగ్గరే గదా. అక్కడ నిలబడి ముందుకు దూకాలె, పైకి ఎగరాలె. బలమొస్తదని వాడితో పెద్ద రాళ్ళు ఎత్తించిన. మూడో రోజు నడుం పట్టేసింది. రాత్రంతా ఏడ్చిండు. నాకూ నిద్ర పట్టలేదు.

పి.ఇ.టి. సారు నన్ను గట్టిగానే తిట్టి విషయం చెప్పారు. బరువుతో ఎక్కువ బలం వస్తది, కాని కడ్డీ పట్టే పద్ధతి నేర్పే గురువు దగ్గరుండాలె. దూకుడుకు మన ఒళ్ళే బరువు. కాలు నేలకు తగిలీ తగలగానే లేవాలె, అందుకే వేగం వస్తది. రష్యాలో వెర్ఖొషాన్‌స్కీ అనే ఆయన ఎత్తు మీంచి దిగి వెంటనే ఎగిరే పద్ధతి 1960లలో తెచ్చారట. అది పెద్ద ఆటగాళ్ళకే, చిన్న పిల్లలకు వద్దన్నారు.

వాడి నడుం తగ్గింది. ఇప్పుడు సాయంత్రం ఇసుక గుంటలో పది దూకుళ్ళు, మధ్యలో ఊపిరి తీసుకొని. నేను కట్టెతో గీత గీస్తున్న. నిన్న గీతకు బెత్తెడు దూరంలో ఆగిండు.

- 9వ తరగతి