ఒక్క త్రిప్పులో రెండు పనులు: ఆస్కార్ బార్నాక్

హైదరాబాదు ఆరవ నిజాము ఆస్థానమున ఛాయాచిత్రకారుడుగా పేరొందిన రాజా దీనదయాళ్ (1844–1905) కాలమున ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క గాజుపలక కావలసియుండెను. పెద్ద కెమెరాను, దానిని నిలుపు మూడుకాళ్ళ పీటను, పలకల పెట్టెలను మోయుటకే మనుషులు కావలెను. ఈ బరువును తొలగించి, కెమెరాను కోటు జేబులో పట్టునట్లు చేసినవారిలో అగ్రగణ్యుడు ఆస్కార్ బార్నాక్.

ఆయన 1879 నవంబరు 1వ తేదీన జర్మనీ దేశమున లీనో అను పల్లెలో జన్మించెను. బెర్లిన్ నగరమున ఒక యంత్రకారునియొద్ద పని నేర్చి, 1902లో యేనా పట్టణమందలి జైస్ కర్మాగారమున చేరెను. 1911లో వెట్జ్లార్ పట్టణమున సూక్ష్మదర్శినులు చేయు లైట్జ్ సంస్థకు వచ్చెను. ఆయనకు కొండదారులలో తిరుగుచు చిత్రములు తీయుట మిక్కిలి ఇష్టము. కాని ఉబ్బసవ్యాధి వలన బరువైన కెమెరాను మోయలేకపోయెను. రోగము ఆయన కోరికను చంపలేదు. దానికి క్రొత్త దారి చూపినది.

చలనచిత్రములకు వాడు 35 మిల్లీమీటర్ల ఫిల్మును తీసికొని, దానిపై 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల పొడవు గల చిత్రము పడునట్లు 1914 నాటికి ఒక చిన్న లోహపు కెమెరాను నిర్మించెను. చిన్న ప్రతిబింబమును తీసి, పిదప పెద్దదిగా ముద్రించుకొనుటయే ఆయన పద్ధతి.

విద్యార్థులారా! ఈ కెమెరాలోని అసలు నేర్పు దాని మీది చక్రమున కలదు. మునుపటి చుట్టఫిల్ము కెమెరాలలో వెనుకనున్న ఎఱ్ఱని కిటికీలో అంకె కనబడువఱకు ఫిల్మును త్రిప్పవలెను. తెరను బిగించుట వేఱొక పని. త్రిప్పుట మఱచినచో ఒక చిత్రముపై మఱొకటి పడి రెండును చెడును. మన ఆర్యపల్లి తీరమున వల లాగునప్పుడు కొందఱు త్రాడు లాగుచుండగా వేఱొకరు దానిని చుట్ట చుట్టుచుందురు గదా! బార్నాక్ అట్లే రెండు పనులను జతపఱచెను. చక్రమును త్రిప్పగా పండ్లచక్రము ఫిల్ము అంచునందలి రంధ్రములను పట్టి, సరిగా ఎనిమిది రంధ్రముల దూరము లాగును. ఆ త్రిప్పుతోనే లోపలి గుడ్డతెరయు బిగియును. మఱపునకు ఇక తావు లేదు.

1914లో యుద్ధము వచ్చి పని ఆగెను. యుద్ధానంతరము జర్మనీలో ద్రవ్యము విలువ కోల్పోయెను; పనివారికి ముందుదారి కానరాకుండెను. అట్టి సమయమున, 1924లో, సంస్థాధిపతి ఎర్నెస్ట్ లైట్జ్ సాహసించి ఈ కెమెరాను తయారు చేయ నిశ్చయించెను. 1925లో లైప్‌జిగ్ సంతయందు అది లైకా అను పేర వెలువడెను.

1932లో దూరమును కొలుచు రేంజ్‌ఫైండరు కటకముతో జతగూడిన రెండవ లైకా వచ్చెను. ఆ యేడే జైస్ ఇకాన్ సంస్థవారి కాంటాక్స్ పోటీకి నిలిచెను. లైకా చక్రము కెమెరా నెత్తిపై కలదు. కాంటాక్స్ చక్రము ముందువైపున, కటకము ప్రక్కన కలదు. స్థానము వేఱైనను త్రిప్పుటకు రెంటను వ్రేళ్ళే కావలెను; అంతలో కన్ను దృశ్యము నుండి తొలగుచుండెను. 1954లో వచ్చిన లైకా ఎం3 చక్రమునకు బదులు మీటను పెట్టెను. బొటనవ్రేలితో రెండు మార్లు లాగినచో చాలును. కెమెరాను కంటినుండి దింప నక్కఱలేదు.

ఆ మీటను బార్నాక్ చూడలేదు. ఆయన 1936 జనవరి 16వ తేదీన బాద్ నౌహైమ్‌లో కన్నుమూసెను. అయినను దాని లోపల పనిచేసినది ఆయన చేసిన జతయే. నేటి కెమెరాలలో అధికభాగమునకు ఫిల్మే లేదు. కాని 24, 36 మిల్లీమీటర్ల ఆ కొలత మాత్రము పెక్కింటిలో నిలిచియున్నది. తన శరీరపు లోపమును సాకుగా చెప్పక, దానినే ప్రశ్నగా మార్చుకొని చేతులతో జవాబు వెదకిన పనివాని గుర్తు అది.