రహస్య రేడియో వీరాంగన ఉషా మెహతా

మన దేశస్వాతంత్ర్యమునకై పాటుపడినవారు పెక్కురు. కొందఱు సభలలో ప్రసంగించి ప్రజలను మేల్కొల్పిరి. కొందఱు పత్రికలు నడిపిరి. కొందఱు ఉప్పు వండి, విదేశవస్త్రములను బహిష్కరించి చెఱసాలల కేగిరి. వీరిలో కంటికి కానరాని రేడియో తరంగములనే ఆయుధముగా చేసికొని, బలవత్తరమైన ప్రభుత్వము నెదిరించిన యువతి యొకతె కలదు. ఆమెయే ఉషా మెహతా. ఆమె చేత నున్న ధనము స్వల్పము, తోడివారు కొలదిమంది, పనిచేసిన చోటు అద్దెగది. అయినను ఆ గదినుండి వెలువడిన కంఠధ్వనిని అణచుటకు ఆనాటి ప్రభుత్వము నగరమంతయు గాలింపవలసి వచ్చెను.

ఉషా మెహతా 1920వ సంవత్సరము మార్చి 25వ తేదీన, గుజరాతుదేశమున సూరతు నగరమునకు సమీపమునందలి సరస్ అను గ్రామమున జన్మించెను. తండ్రి బ్రిటిషు ప్రభుత్వమున న్యాయాధికారి. ఆమె యైదేండ్ల పసిపాపగా నున్నప్పుడే అహమ్మదాబాదునందలి ఆశ్రమమున గాంధీమహాత్ముని దర్శించెను. తరువాత గాంధీజీ ఆమె గ్రామమునకు చేరువలో శిబిరము నేర్పఱచినపుడు, ఆమె యందు పాల్గొని నూలు వడకెను. ఆనాడు పడిన బీజము ఆమె హృదయమున నశింపలేదు. ఖద్దరు ధరించుట ఆమెకు జీవితాంతము వ్రతమయ్యెను.

1928లో సైమన్ కమీషనునకు వ్యతిరేకముగా దేశమంతటను నిరసనలు చెలరేగెను. ఎనిమిదేండ్ల ఉష తోటి బాలబాలికలతో గూడి ఊరేగింపులలో నడిచెను. ఒకనాడు పోలీసులు పిల్లలపై లాఠీలు ఝళిపించిరి. జెండా పట్టిన బాలిక క్రింద పడిపోయెను. ఆమెతో పాటు జెండాయు నేలపాలయ్యెను. ఆ యవమానమును పిల్లలు సహింపలేకపోయిరి. తమ పెద్దలకడ కేగి మొఱపెట్టుకొనిరి. అంతట పెద్దలు వారికి జెండాలోని రంగుల వస్త్రములను సమకూర్చిరి. మఱల పిల్లలు వీథిలోనికి వచ్చునప్పటికి వారి దుస్తులే జెండా యయ్యెను. చేతిలోని జెండాను పడగొట్టవచ్చును గాని, ఒంటిమీద ధరించిన జెండాను పడగొట్టుట యెట్లు? ఉన్న కొలది వస్తువులతోనే ఉపాయము పన్నవచ్చునను పాఠమును ఉష ఆనాడే నేర్చెను.

తండ్రి ప్రభుత్వోద్యోగి యగుటచే మొదట కుమార్తె ఉద్యమములలో పాల్గొనుటకు సమ్మతింపలేదు. 1930లో ఆయన ఉద్యోగవిరమణ చేయుటతో ఆ యడ్డంకి తొలగెను. 1932లో ఆ కుటుంబము బొంబాయి నగరమున స్థిరపడెను. ఉష చదువులో చుఱుకైన బాలిక. విల్సన్ కళాశాలలో తత్త్వశాస్త్రము నభ్యసించి, 1939లో ప్రథమశ్రేణిలో పట్టభద్రురాలయ్యెను. అటుపిమ్మట న్యాయశాస్త్రమును చదువసాగెను. ఆ చదువు సాగుచుండగనే 1942వ సంవత్సరము వచ్చెను.

ఆ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన బొంబాయిలోని గొవాలియా టాంకు మైదానమున సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘము, ఆంగ్లేయులు భారతదేశమును విడిచిపోవలెనని తీర్మానించెను. మఱునాడు తెల్లవారకముందే గాంధీజీ నిర్బంధింపబడెను. నెహ్రూ, పటేలు, ఆజాదు మున్నగు నాయకులును, ఆంధ్రుడైన భోగరాజు పట్టాభిసీతారామయ్యయు అహమ్మదునగరు కోటలో బంధింపబడిరి. దేశమంతట ప్రజలు తిరుగబడిరి. కాని ఒక యూరిలో జరిగినది మఱియొక యూరివారికి తెలియు మార్గము లేకుండెను. పత్రికలు నిర్బంధములకు లోబడి యుండెను. రేడియో ప్రభుత్వము చేతిలో నుండెను. నాయకులు లేక, వార్తలు లేక, ఉద్యమము చీకటిలో తడవులాడుచున్నట్లుండెను.

అప్పుడు ఉషా మెహతాకును ఆమె మిత్రులకును ఒక యాలోచన తోచెను. ప్రభుత్వమువారి రేడియో నిజము చెప్పనిచో, నిజము చెప్పు రేడియోను తామే యేల స్థాపింపరాదు? ఇది సామాన్యమైన సాహసము కాదు. లైసెన్సు లేకుండ ప్రసారయంత్రమును నడపుట నేరము. అది రెండవ ప్రపంచయుద్ధకాలము. యుద్ధము మొదలైనప్పుడే, అభిరుచికై రేడియో యంత్రములు నడపువారి లైసెన్సులను ప్రభుత్వము రద్దుచేసి యుండెను. పట్టుబడినవారికి కఠినశిక్ష తప్పదు. అయినను ఆ యువతీయువకులు వెనుదీయలేదు.

మొదటి చిక్కు ధనము. విద్యార్థులయొద్ద ధన మెక్కడిది? వారి యవసరము నెఱిగిన బంధువు రాలొకతె తన నగలనే యిచ్చుటకు ముందునకు వచ్చెను. వానిని స్వీకరించుటకు ఉషకు మన సొప్పలేదు. విఠల్‌దాస్ ఖాకర్ అను సహచరుడు ధనము కూర్చు భారమును వహించెను. ఈయనను బాబూభాయి యని పిలుచుచుండిరి. రెండవ చిక్కు యంత్రము. అట్టి యంత్రము అంగడిలో దొరకునది కాదు. విడిభాగములను చేకూర్చి, తెలిసినవారిచే రహస్యముగా నిర్మింపజేయవలెను. కాంగ్రెసు మహాసభలకు ధ్వనివర్ధకములను సమకూర్చు చికాగో రేడియో అను సంస్థ యజమాని నానక్ మోత్వానీ కావలసిన పరికరములను, పనివారిని ఇచ్చి తోడ్పడెను. విఠల్‌దాస్ ఝవేరి, చంద్రకాంత ఝవేరి యను యువకులు వారితో గలిసిరి. అజ్ఞాతవాసమున నున్న రామమనోహర లోహియా, అచ్యుత పట్వర్ధన్ మున్నగు నాయకులు వారికి మార్గదర్శకులైరి.

ప్రసారయంత్రము పనిచేయు విధము వినదగినది. మాటలాడువాని కంఠధ్వనిని మైక్రోఫోను విద్యుత్తరంగములుగా మార్చును. యంత్రము ఆ తరంగములను మిక్కిలి వేగముగా స్పందించు రేడియో తరంగములపై నెక్కించును. ఎత్తున కట్టిన ఏరియల్ అను తీగ వానిని నలుదెసల వెదజల్లును. ఉష బృందమువారి రేడియో సుమారు 42 మీటర్ల తరంగముపై పనిచేసెను. రేడియో తరంగము సెకనునకు 30 కోట్ల మీటర్లు పయనించును గావున, ఆ తరంగము సెకనునకు దాదాపు 71 లక్షల మాఱులు స్పందించునని లెక్క. ఇట్టి పొట్టి తరంగములు ఆకాశమున మిక్కిలి యెత్తున నున్న విద్యుత్పొరలను తాకి, తిరిగి భూమిమీదికి వంగి దిగును. అందువలన చిన్న యంత్రమునుండి వెలువడిన ధ్వని సయితము వందలకొలది మైళ్ల దూరమున వినబడగలదు. స్వల్పధనముతో దేశమునకంతకు వినబడవలె ననుకొనిన వారికి ఇంతకంటె తగిన సాధనము లేదు.

1942 ఆగస్టు 27వ తేదీన బొంబాయిలోని చౌపాటి సముద్రతీరమున, సీ వ్యూ అను భవనమునుండి కాంగ్రెసు రేడియో మొదటిమాఱు పలికెను. ఆ కంఠము ఉషా మెహతాది. తాము భారతదేశమున ఏదో యొక చోటినుండి మాటలాడుచున్నామని మాత్రమే ఆమె శ్రోతలకు తెలిపెను. హిందుస్థానీయందును ఆంగ్లమునందును కార్యక్రమములు సాగెను. హిందుస్థాన్ హమారా గీతముతో ప్రారంభము, వందేమాతరముతో ముగింపు. మొదట దినమునకు రెండుమాఱులు ప్రసారము చేసిరి. అనంతరము సాయంకాలము ఏడున్నరకును ఎనిమిదిన్నరకును నడుమ ఒక్కమాఱు మాత్రము చేసిరి.

పత్రికలు ప్రకటింప వెఱచిన వార్తలను ఈ రేడియో ప్రకటించెను. చిట్టగాంగుపై జరిగిన బాంబుదాడి, జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమునందలి కార్మికుల సమ్మె, మధ్యపరగణాలలోని ఆష్టి, చిమూరు గ్రామములలో ప్రజలు తిరుగబడుటయు, అనంతరము వారు పొందిన దారుణబాధలును లోకమునకు తెలిసెను. దేశము నలుమూలలనుండి దూతలు రహస్యముగా వార్తలను బొంబాయికి చేర్చుచుండిరి.

ఇట్లు ధ్వని దూరమునకు పోవుట యొక వరము. అదియే శాపము గూడ. యంత్రము పలుకుచున్నంత సేపును అది తన యునికిని తానే చాటుకొనుచుండును. చక్రాకారమైన ఏరియల్‌ను త్రిప్పుచు, ధ్వని యే దిక్కునుండి వచ్చుచున్నదో కనిపెట్టవచ్చును. రెండు వేఱువేఱు చోట్లనుండి కనుగొన్న దిక్కులను పటముపై గీతలుగా గీచినచో, ఆ గీతలు కలిసిన చోటనే యంత్ర ముండును. ప్రభుత్వము వారి వాహనములు ఇట్టి సాధనములతో నగరమున తిరుగుచుండెను. అందుచే ఉష బృందమువారు ఒకచోట నిలువక, అద్దెయిండ్లు మార్చుచు, లబర్నమ్ రోడ్డునందలి అజిత్ విల్లాకును, గిర్గామునందలి పారేఖ్ వాడికిని, ఇంకను ఇతర స్థలములకును యంత్రమును తరలించుచు వచ్చిరి. ఉపన్యాసములను రికార్డుచేయు చోటును, ప్రసారము చేయు చోటును వేఱుచేసిరి. ఈ విధముగా రెండున్నర నెలలు గడచెను.

వాహనములు పట్టలేని రహస్యమును తుదకు ఒక మనుష్యుడు బయటపెట్టెను. యంత్రవిషయమున వారికి తోడ్పడిన నిపుణుడొకడు పోలీసులకు చిక్కి, తెలిసినదంతయు చెప్పివేసెను. నవంబరు 12వ తేదీన పోలీసులు బాబూభాయి కార్యాలయముపై దాడిచేసిరి. ఉష ఎట్లో వారి కన్నుగప్పి వెలువడెను. ఆమె యెదుట రెండు మార్గము లుండెను. అజ్ఞాతమున దాగికొని తన్ను కాపాడుకొనుట యొకటి. నాటి సాయంకాలపు ప్రసారమును నడపుట రెండవది. రేడియో నాడు మూగపోయినచో ప్రభుత్వమునకు భయపడినట్లు లోకము తలచును. ఆమె చంద్రకాంత ఝవేరితో గూడి పారేఖ్ వాడిలోని గదిని చేరెను. కార్యక్రమము యథావిధిగా జరిగెను. వందేమాతరగీతము వినబడుచుండగా తలుపులపై దెబ్బలు పడెను. పోలీసులు మూడు తలుపులను బ్రద్దలుగొట్టి లోనికి చొరబడిరి. గీతము నాపుమని యాజ్ఞాపించిరి. ఉషయు, చంద్రకాంతుడును అందుల కంగీకరింపలేదు.

అంతవఱకు మాటలాడుట ఆమె కర్తవ్యము. అటుపిమ్మట మౌనము వహించుట ఆమె కర్తవ్యమయ్యెను. పోలీసులు ఆమెను ఒంటరిగా నిర్బంధించి నెలలతరబడి ప్రశ్నించిరి. సహచరుల పేళ్లు చెప్పుమని నిర్బంధించిరి. ఉద్యమమునకు ద్రోహము చేసినచో విదేశములకు పంపి ఉన్నతవిద్య చెప్పింతుమని ఆశ చూపిరి. చదువునందు మిక్కిలి మక్కువ గల యువతికి అది చిన్న ప్రలోభము కాదు. అయినను ఆమె నోరు విప్పలేదు. న్యాయస్థానమున విచారణ జరిగినపుడు, తాను ప్రశ్నలకు సమాధానము చెప్పి తీరవలెనా యని ఆమె న్యాయాధిపతిని అడిగెను. అట్టి నిర్బంధము లేదని ఆయన తెలుపగా, తన్ను రక్షించుకొనుటకైనను ఒక్క ప్రశ్నకును ఆమె బదులు చెప్పలేదు. బాబూభాయి ఖాకర్‌కు అయిదేండ్లును, ఉషకు నాలుగేండ్లును, చంద్రకాంత ఝవేరికి ఒక యేడును కారాగారశిక్ష విధింపబడెను. విఠల్‌దాస్ ఝవేరియు, మోత్వానీయు విడుదల పొందిరి.

ఎరవాడ చెఱసాలలో ఉష ఆరోగ్యము క్షీణించెను. ఆమెను బొంబాయిలోని జె.జె. ఆసుపత్రికి తెచ్చి చికిత్స చేయించి, కొంత కోలుకొనిన పిమ్మట మరల చెఱసాలకే పంపిరి. 1946లో బొంబాయిరాష్ట్రపు హోంమంత్రి మొరార్జీ దేశాయి యుత్తరువుచే ఆమె విముక్తి పొందెను. ఆ రాష్ట్రమున విడుదలయైన రాజకీయఖైదీలలో ఆమెయే మొదటిది. మఱుసటి సంవత్సరము ఆగస్టు 15వ తేదీన దేశమంతయు పండుగ చేసికొనుచుండగా, ఆమె రోగశయ్యపై నుండి ఢిల్లీలో జరిగిన ఉత్సవమునకు పోజాలకపోయెను. స్వాతంత్ర్యమునకై ఆమె చెల్లించిన మూల్య మట్టిది.

ఆరోగ్యము కుదుటపడిన పిదప ఆమె పదవులను కోరలేదు. విడిచిన చదువును మఱల చేపట్టెను. గాంధీజీ రాజకీయ, సాంఘిక భావములపై పరిశోధన చేసి బొంబాయి విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమును పొందెను. తాను చదివిన విల్సన్ కళాశాలలోనే ముప్పది సంవత్సరములు అధ్యాపకురాలిగా నుండెను. విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రశాఖ కధ్యక్షురాలై 1980లో విశ్రాంతి గైకొనెను. ఖద్దరు కట్టి, బస్సులలో పయనించుచు, వేకువ నాలుగు గంటలకే మేల్కొని పనిచేయుట ఆమె నిత్యవ్రతము. గాంధీజీ బొంబాయిలో బసచేసిన మణిభవనమున నెలకొల్పిన స్మారకసంస్థకు ఆమె అధ్యక్షురాలై సేవచేసెను. ఆ భవనము లబర్నమ్ రోడ్డునందే కలదు. పోలీసుల కంటబడకుండ యంత్రమును మోసికొనిపోయిన వీథిలోనే, తరువాత ఆమె స్వతంత్రపౌరులకు గాంధీజీ సందేశమును బహిరంగముగా బోధించెను.

1998లో భారతప్రభుత్వము ఆమెను పద్మవిభూషణ బిరుదముతో గౌరవించెను. 2000వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన, జ్వరముతో నున్నను, ఆమె యెప్పటివలె ఆగస్టు క్రాంతి మైదానమునకు పోయి స్మారకోత్సవమున పాల్గొనెను. నాటి గొవాలియా టాంకు మైదానమే అది. రెండుదినముల పిమ్మట, ఆగస్టు 11వ తేదీన, ఎనుబదియేండ్ల వయస్సున ప్రశాంతముగా దేహము చాలించెను.

గొప్ప పనులకు గొప్ప ధనము కావలెనని తలచి, చేతులు ముడుచుకొని కూర్చుండువారు లోకమున పెక్కురు. ఉషా మెహతాకు దొరికినవి కొన్ని విడిభాగములు, ఒక గది, నమ్మకస్థులైన కొందఱు మిత్రులు మాత్రమే. నిజము చెప్పవలసిన వేళ ఆమె ప్రాణభయము లేక చెప్పెను. మిత్రులను కాపాడవలసిన వేళ నోరు మెదపక నిలిచెను. యంత్రమును పోలీసులు పట్టుకొనిరి గాని, దానిని నడపిన ధైర్యము వారికి చిక్కలేదు.