గీతలకు నడక నేర్పిన ఎమీల్ కోల్

ఎమీల్ కోల్ అసలు పేరు ఎమీల్ కూర్తే. 1857 జనవరి 4వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. కదలెడి బొమ్మల చిత్రములకు ఆద్యులలో ఒకనిగా నేడు లోకము కొనియాడు ఈతడు, అట్టి చిత్రమును తొలిసారి తీయునాటికి ఏబదియేండ్లు దాటినవాడు. అంతవరకు పత్రికలకు వ్యంగ్యచిత్రములు గీయుటయే ఆతని జీవిక.

ఆ విద్యలో ఆతని గురువు ఆంద్రే జిల్. ఏలినవారినే బొమ్మలతో వెక్కిరించిన ఆ చిత్రకారుడు మతి చలించి, ఉన్మాదుల వైద్యశాలలో 1885లో కన్నుమూసెను. నవ్వించువాని బ్రతుకు ఎట్లు ముగియగలదో శిష్యునకు అప్పుడే తెలిసెను.

1882లో జ్యూల్ లెవీ 'అసంబద్ధులు' అను కూటమిని నెలకొల్పెను. కోల్ అందు చేరెను. బొమ్మలు వేయుట రానివారి బొమ్మలకు ప్రదర్శన జరుపుట వారి వినోదము. మరుసటి యేడు ఆల్ఫోన్స్ అల్లే ఒక తెల్ల కాగితమును గోడకు తగిలించి, మంచు కురియు వేళ రక్తహీనులగు బాలికల తొలి దివ్యప్రసాద స్వీకారమని దానికి పేరు పెట్టెను! చూచుటకు ఇది వెకిలితనమే. కాని లోకమునందే పొందిక లేనపుడు చిత్రమునందేల యను ప్రశ్న ఆ వెకిలితనములో దాగియున్నది. కోల్ దానిని పాతికేండ్లు మరువలేదు.

1908 ఆగస్టు 17న గోమో సంస్థ పారిస్‌లో ప్రదర్శించిన 'ఫాంటస్మగోరీ' ఆ ప్రశ్నకు రూపము. నిడివి రెండు నిమిషములైనను లేదు. అందుకు దాదాపు 700 బొమ్మలు కావలసివచ్చెను. క్రింద దీపము వెలుగు గాజుపలకపై ఒక కాగితముమీద మరొకటి పరచి, వెనుకటి గీతను రవంత జరిపి మరల గీయవలెను. ఒక్కొక్క బొమ్మను రెండేసి మారులు కెమేరాకు ఎక్కించి, నలుపు తెలుపులను తారుమారు చేసి చూపెను. అందుచే నల్లపలకపై సుద్దగీతలు తమంత తామే నడచినట్లు తోచును. కథ యనునది లేదు. మన తోలుబొమ్మలాటలోని కేతిగాని వంటి విదూషకుడొకడు. వాని చుట్టును నిలుకడలేని లోకము. సీసా పువ్వగును. నాటకశాలలో ఒకామె టోపీ ఈకలు వెనుకనున్న పెద్దమనిషికి అడ్డగును. విదూషకుడు పడి తల ఊడగా, చిత్రకారుని నిజమైన చేతులే తెరపైకి వచ్చి జిగురుతో అతికించును. వాడు లేచి గుఱ్ఱమెక్కి పోవును.

పిదప కోల్ చేతికి చిక్కినదెల్ల కదలినది: అగ్గిపుల్లలు, గృహోపకరణములు, కత్తిరించిన కాగితములు. 1909లో ఒక చిత్రమున ప్రాణమున్న నటుని, గీతల చంద్రుని ఒకే తెరపై చేర్చెను.

1912లో అమెరికా వెళ్ళి, ఫోర్ట్ లీలో జార్జి మెక్‌మానస్ పాత్రలతో బొమ్మల చిత్రములు తీసెను. ప్రకటనలలో మెక్‌మానస్ పేరే వెలిగెను. 1914లో అచ్చటి అగ్నిప్రమాదము ఆ చిత్రములలో అధికభాగమును బూడిద గావించెను. యుద్ధానంతరము ఆతనికి పని కరవయ్యెను. దారిద్ర్యము మిగిలెను.

1937లో బల్లపైని క్రొవ్వొత్తి నుండి గడ్డమునకు నిప్పంటుకొనగా ఆతనిని ధర్మాసుపత్రికి చేర్చిరి. అమెరికాలో డిస్నీ 'స్నోవైట్' విడుదలయై నెల గడచునప్పటికి, 1938 జనవరి 20న కోల్ మరణించెను. మాయాచిత్రముల మెలియే మరునాడే పోయెను.