కొండవాగుల చేపల చరిత్ర చదివిన సుందర్ లాల్ హోరా

నేడు పాకిస్తాన్‌లో ఉన్న హఫీజాబాద్‌లో 1896లో జన్మించిన సుందర్ లాల్ హోరా లాహోర్‌లో చదువుకున్నారు. భారత జంతు సర్వేక్షణ సంస్థ అధిపతి నెల్సన్ అనండేల్ దృష్టిలో పడి 1919లో ఆ సంస్థలో చేరారు. 1947లో దానికే అధిపతి అయ్యారు.

ఆయనను కట్టిపడేసినవి ఖాసీ కొండల వాగులు. అక్కడి నీటి ఉరవడికి మామూలు చేప నిలువలేదు. నిలిచిన వాటి దేహనిర్మాణాన్ని హోరా ఓపికగా పరిశీలించారు. బాలిటోరా చేపల పొట్ట బల్లపరుపుగా ఉంటుంది, రెక్కలు పక్కలకు పరచుకొని బండను అదిమి పట్టుకుంటాయి. గ్లిప్టోథొరాక్స్ రొమ్ముపై చర్మపు ముడతలు, గర్రా నోటి వెనుక గుండ్రటి పట్టు కూడా అదే పని చేస్తాయి. అడుగునే అంటిపెట్టుకొని బతికే ఇటువంటి అనేక చేపల్లో, తేలడానికి తోడ్పడే గాలితిత్తి కుంచించుకుపోయింది. ప్రవాహమే ప్రాణి రూపాన్ని మలుస్తుందని ఆయన ఇలా నిరూపించారు.

మరో చిక్కు మిగిలింది. తూర్పు హిమాలయాల చేపలకు దగ్గరి పోలికలు గలవి ఎంతో దూరాన పడమటి కనుమల్లో కనిపిస్తున్నాయి. నడుమనున్న మైదానపు మందగమన నదులు వాటికి నివాసయోగ్యం కావు. మంచుయుగాల చల్లని, తేమ వాతావరణంలో అవి వింధ్య, సాత్పురా శ్రేణుల వెంట వాగు నుంచి వాగుకు వలస వచ్చాయని, తరువాత దారి మూసుకుపోయి అక్కడే ఏకాకులుగా మిగిలాయని హోరా ప్రతిపాదించారు. 1949 నాటికి ఇది సాత్పురా సిద్ధాంతంగా ప్రసిద్ధమైంది.

కాలక్రమంలో దీనిపై సందేహాలు బలపడ్డాయి. ఒకే రకమైన ప్రవాహం రెండు చోట్ల వేర్వేరు వంశాలను ఒకే రూపానికి తెచ్చి ఉండవచ్చు కదా అన్నది వాటిలో ముఖ్యమైనది. విచిత్రమేమంటే, ఆ వాదనకు బలమిచ్చేది హోరా తొలి పరిశోధనే. సిద్ధాంతం పూర్తిగా నిలవకపోయినా, చేపల పంపిణీని భూచరిత్రతో ముడిపెట్టి చూడటం ఈ దేశంలో ఆయనతోనే బలపడిందనాలి.

చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసంలోని చేపల వేట ప్రకరణాన్ని సైతం ఆయన శాస్త్రదృష్టితో పరిశీలించారు. 1955లో కన్నుమూశారు.

అంతకు ఐదేళ్ల ముందు, కేరళ బావుల్లో దొరికిన ఒక చిన్న వాలుగ జాతి చేపకు హోరాగ్లానిస్ అని ఆయన పేరు పెట్టారు. భూగర్భజలాల చీకటిలో జీవించే ఆ చేపకు కళ్లు లేవు.